పాత బండికి ఎత్తు, పెద్ద టైర్లు: ముందుగా చూడవలసినవి

(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్ గురించి, వైద్య సదుపాయాల గురించి చెప్పడానికి నాకంటె తెలిసినవారు వేదిక మీద ఉన్నారు. "మీరు వర్క్‌షాపు మనిషి, బండి సంగతి ఏదైనా చెప్పండి" అని కార్యదర్శి గారు ఆదేశించారు. అందుచేత ఒక చిత్రమైన విషయం ఎంచుకున్నాను. పాత ట్రక్కును ఎత్తు లేపి, పెద్ద టైర్లు వేయించుకోవడం ఎలా, ఎంతవరకు అన్నది ఈనాటి విషయం.

ఇది మనకెందుకు అని కొందరు అనుకోవచ్చు. ఈ హాలులో ఉన్నవారిలో చాలామందికి కొడుకో కూతురో అమెరికాలో ఉన్నారు. ఏడాదికో రెండేళ్ళకో వెళ్ళి ఆరు నెలలు ఉండి వస్తున్నాం. అక్కడ పుట్టి పెరిగిన మనవలు పదహారేళ్ళకే లైసెన్సు తీసుకుంటారు, పద్దెనిమిదికి సొంత బండి అంటారు. మగపిల్లల్లో కొందరికి ట్రక్కు మీద మోజు. అక్కడ ట్రక్కు అంటే మన లారీ కాదు, ముందు క్యాబిన్, వెనుక తొట్టి ఉండే పికప్ బండి. దానిని ఎత్తు లేపి ఏనుగు కాళ్ళలాంటి టైర్లు వేస్తే వాళ్ళకు అదొక దర్జా. తండ్రి వద్దంటాడు, కొడుకు కావాలంటాడు, మధ్యలో తాతగారు కూర్చుని టీవీ చూస్తూ ఉంటారు. కాని ఆ తాతగారు ముప్పై ఏళ్ళు బండి కింద పడుకుని పనిచేసిన మనిషి అయితే టీవీ కట్టేసి లేవవలసిన సమయం అదేనని నా మనవి.

నేను 2023లో నార్త్ కరోలినా రాష్ట్రంలో, రాలీ పక్కన కేరీ అనే ఊళ్ళో ఉంటున్న మా పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళాను. మన తెలుగువారు బాగానే ఉన్న ఊరు. మా మనవడికి అప్పుడు పందొమ్మిదేళ్ళు. వాడు సెలవుల్లో పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 2004 మోడల్ షెవర్లే సిల్వరాడో 1500 కొన్నాడు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం వెళ్ళే రకం. బండికీ వాడికీ ఒకటే వయసు. దానికి ఆరంగుళాల లిఫ్ట్ కిట్, ముప్పై అయిదు అంగుళాల టైర్లు వేయించాలని వాడి పట్టుదల. "నాన్నగారూ, మీరైనా చెప్పండి, వాడు నా మాట వినడం లేదు" అన్నాడు మా అబ్బాయి. నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "ఒరే నాన్నా, జాకీ, స్టాండ్లు, టేపు, టార్చిలైటు తీసుకురా. ముందు బండి ఏమంటుందో విందాం" అన్నాను.

అందరికీ ఉపయోగపడుతుందని, మేమిద్దరం ఆ నెల రోజుల్లో వేసుకున్న లెక్కలనే వరుసగా విన్నవిస్తాను.

మొదటి ప్రశ్న: ఎందుకు?

బండి ఎక్కడ తిరుగుతుందో తేలకుండా టైరు సైజు తేలదు. ఇది మన డిపోలో కొత్తగా చేరిన అప్రెంటిసుకు కూడా తెలిసిన సంగతే. ఘాటు రోడ్డు బస్సుకూ సిటీ బస్సుకూ ఒకే ఏర్పాటు చేయం కదా. మావాడిని అడిగితే రెండు చోట్లు చెప్పాడు. ఒకటి యువారీ జాతీయ అరణ్యం. అక్కడ ఇలాంటి బళ్ళు తిరగడానికి ప్రత్యేకంగా మట్టి బాటలు ఉన్నాయి. రెండోది కేప్ హాటెరాస్ సముద్రతీరం. అక్కడ అనుమతి పత్రం తీసుకుని ఇసుక మీద బండి నడపవచ్చు.

ఇసుక సంగతి ముందు చూశాం. ఆ తీరాన్ని చూసే జాతీయ పార్కుల శాఖ వారు చెప్పేది ఏమిటంటే, టైర్లలో గాలి సుమారు 20 పౌండ్లకు తగ్గించుకుని వెళ్ళమని. బండిలో తప్పనిసరిగా ఉండవలసినవి అంటూ వారు చెప్పినవి నాలుగు: తక్కువ ప్రెషర్ చూపే గేజి, పార, జాకీ, జాకీ కింద పెట్టే చెక్క. లిఫ్ట్ కిట్ ఆ జాబితాలో లేదు. గాలి తగ్గితే టైరు అడుగు వెడల్పుగా పొడవుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ చోటు మీద పడుతుంది, ఇసుకలో కూరుకుపోదు. తిరిగి తారు రోడ్డు ఎక్కగానే గాలి నింపుకోవాలి. అంటే సముద్రపు ఇసుకకు కావలసింది ఎత్తు కంటె ముందు ఒక గేజీ, ఒక చిన్న కంప్రెసరు. మావాడి ముఖం కొంచెం వాడింది కాని, ఫోనులో ఆ సంగతి చదివి, "నిజమే తాతయ్యా" అన్నాడు.

రెండో ప్రశ్న: ఏది పెరిగితే ఏమి పెరుగుతుంది?

ఎత్తు అనే మాట ఒకటే, దాన్ని తెచ్చే దారులు మూడు.

మొదటిది టైరు. పెద్ద టైరు వేస్తే ఇరుసే పైకి లేస్తుంది. వ్యాసం ఎంత పెరిగితే అందులో సగం లేస్తుంది. వెనుక డిఫరెన్షియల్ గుండు కింద ఖాళీ పెరిగేది దీనితోనే. మట్టి బాటలో రాయి ముందు తగిలేది ఆ గుండుకే గనుక అసలైన ప్రయోజనం ఇక్కడ ఉంది.

రెండోది సస్పెన్షన్ లిఫ్ట్. దీనితో ఇరుసు ఉన్నచోటే ఉంటుంది, ఫ్రేము దానిపైన బాడీ లేస్తాయి. ఫ్రేము కింద, గడపల కింద ఖాళీ పెరుగుతుంది, పెద్ద టైరు తిరగడానికి మడ్‌గార్డు లోపల జాగా వస్తుంది. కాని వెనుక డిఫరెన్షియల్ గుండు ఒక్క నూలు కూడా లేవదు. ఆరంగుళాల కిట్ వేసినా రాయి తగిలే చోటు తగులుతూనే ఉంటుంది.

మూడోది బాడీ లిఫ్ట్. ఫ్రేముకూ బాడీకీ మధ్య ఉండే దిమ్మల ఎత్తు పెంచడం. ఇది చవక. ఫ్రేము కింద ఏమీ మారదు, టైరుకు జాగా మాత్రం వస్తుంది. స్టీరింగ్ షాఫ్టు, బంపరు, వైర్లు, గొట్టాలు అన్నీ సరిచూసుకోవాలి.

కాబట్టి వరుస ఇలా ఉండాలి. బాటకు కావలసిన టైరు ముందు తేల్చుకోవాలి. ఆ టైరు పూర్తిగా స్టీరింగ్ తిప్పినా, గుంతలో పడినా ఎక్కడా రాసుకోకుండా తిరగడానికి కావలసిన కనీసపు ఎత్తు తరువాత తేల్చుకోవాలి. కుర్రవాళ్ళు దీన్ని తలకిందులు చేస్తారు. ముందు ఎత్తు కొంటారు, ఆ ఖాళీ వెలితిగా కనబడుతుందని టైరు కొంటారు, ఆ టైరు మోయలేక మిగతావన్నీ కొంటారు.

టైరు మీది అంకెలు

ఇక లెక్కకు వద్దాం. టైరు పక్క గోడ మీద 245/75 ఆర్ 16 అని ఉంటే, వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 16 అంగుళాలు. 245లో 75 శాతం 183.75. పైన ఒకటి కింద ఒకటి కనుక రెట్టింపు చేస్తే 367.5. రిమ్ము 16 అంగుళాలు అంటే 406.4 మిల్లీమీటర్లు. మొత్తం వ్యాసం 773.9, అంటే 30.5 అంగుళాలు. మావాడి బండికి ఉన్నది ఇది.

అదే లెక్కన 265/75 ఆర్ 16 వ్యాసం 803.9 మిల్లీమీటర్లు, 31.6 అంగుళాలు. 285/75 ఆర్ 16 వ్యాసం 833.9, సుమారు 32.8 అంగుళాలు. వాడు కోరిన ముప్పై అయిదుకు దగ్గరది 315/75 ఆర్ 16, దాని వ్యాసం 878.9, అంటే 34.6 అంగుళాలు.

ఇరుసు లేచేది వరుసగా 15, 30, 52.5 మిల్లీమీటర్లు. ముప్పై అయిదు అంగుళాల టైరు అని పేరు ఎంత గంభీరంగా ఉన్నా, డిఫరెన్షియల్ కింద అది తెచ్చేది రెండంగుళాలు.

ఆ రెండంగుళాలకు ఇచ్చుకునే మూల్యం చూడండి. చక్రం ఒక్క చుట్టుకు పోయే దూరం పెరుగుతుంది గనుక స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది. మీటరు 60 మైళ్ళు చూపినపుడు 265 టైరుతో అసలు వేగం 62.3, 285తో 64.7, 315తో 68. పోలీసు ఆపినపుడు "మీటరు అరవయ్యే చూపింది" అంటే వినడు. తిరిగిన మైళ్ళు కూడా మీటరులో తక్కువ పడతాయి. మైలేజీ లెక్క కట్టేటప్పుడు అది సరిచేసుకోకపోతే, అసలు కంటె ఎక్కువ పడిపోయినట్టు కనబడుతుంది. పెద్ద టైర్లు వేశాక మీటరును సరిచేయించడం అవసరం.

పెద్ద టైరు గేరును కూడా మార్చేస్తుంది. ఆ రకం బళ్ళకు వెనుక క్రౌన్ పినియన్ నిష్పత్తి 3.42, 3.73, 4.10 అని ఉండేవి. 3.73 ఉన్న బండికి 315 టైరు వేస్తే అది 3.28 ఉన్న బండిలా లాగుతుంది. అంటే కొండ ఎక్కడానికి కొన్న టైరు కొండ ఎక్కే బలాన్నే తగ్గిస్తుంది. ఆటోమేటిక్ గేరుబాక్సు పైకీ కిందికీ గేర్లు మారుస్తూ వేడెక్కుతుంది. దానికి విరుగుడు క్రౌన్ పినియన్ మార్చడం. నాలుగు చక్రాల బండి కనుక ముందూ వెనుకా రెండు సెట్లూ మార్చాలి. కిట్ అమ్మేవాడి బిల్లులో ఈ ఖర్చు ఉండదు.

బ్రేకు సంగతి మరీ ముఖ్యం. పెడల్ మీద అదే బలంతో తొక్కితే డిస్కు పట్టే పట్టు అంతే. టైరు వ్యాసార్ధం పెరిగిన కొద్దీ రోడ్డు మీద ఆపే బలం తగ్గుతుంది. 315 టైరుతో సుమారు 12 శాతం తగ్గుతుంది. టైరు బరువు కూడా పెరుగుతుంది. మామూలు టైరుకూ మందపాటి ఎల్‌టీ రకం పెద్ద టైరుకూ చక్రానికి పది కిలోల వరకు తేడా రావచ్చు. తిరిగే బరువును ఆపడం ఎంత కష్టమో బస్సు బ్రేకులు కట్టిన మనకు వేరే చెప్పనక్కరలేదు.

టైరు కొనేటప్పుడు చూడవలసినవి మరి మూడు. ఒకటి, మోసే శక్తి. ఎల్‌టీ టైర్లలో సీ, డీ, ఈ అని తరగతులు ఉంటాయి, సీ కంటె డీ, డీ కంటె ఈ గట్టివి. గట్టిది కదా అని ఈ తీసుకుంటే ఖాళీ బండిలో కుదుపు ఎక్కువ. పైగా ఎల్‌టీ టైరుకు అదే బరువు మోయడానికి మామూలు టైరు కంటె ఎక్కువ గాలి కావాలి. పాత స్టిక్కరు మీది అంకె యథాతథంగా పనికిరాదు. రెండు, తయారైన తేదీ. పక్క గోడ మీద డాట్ అనే గుర్తు తరువాత వచ్చే చివరి నాలుగు అంకెలు చూడాలి. 3522 అని ఉంటే 2022వ సంవత్సరం ముప్పై అయిదో వారం. బొత్తాలు బాగున్నాయని ఎవరో వాడిన పాత టైర్లు కొనేవారు ముందుగా చూడవలసింది ఇదే. మూడు, నాలుగూ ఒకటే సైజు, ఒకటే అరుగుదల ఉండాలి. మన బస్సు వెనుక జంట టైర్లలో ఒకటి చిన్నదైతే పెద్దది బరువంతా మోసి పగిలేది కదా. ఇక్కడ నాలుగు చక్రాలూ కలిపి లాగేటప్పుడు సైజులు తేడా ఉంటే గేర్ల పెట్టె నలుగుతుంది. స్టెపినీ కూడా అదే సైజుది కొనాలి, అది బండి కింద దాని చోట పడుతుందో లేదో ముందే చూసుకోవాలి.

బండి కింద మేము చూసినది

ఆ శనివారం బండిని స్టాండ్ల మీద నిలిపి కిందికి దూరాం. నా మోకాళ్ళు ఒప్పుకోకపోయినా చెక్క పలక వేసుకుని పడుకున్నాను. ఆ రకం బండికి ముందు వైపు టోర్షన్ బార్లు, అంటే మెలితిరిగి బరువు మోసే ఉక్కు కడ్డీలు. వెనుక మనకు చిరపరిచితమైన కమాన్ పట్టీలు.

ఎత్తు కొలవడానికి ఒక పద్ధతి ఉంది. నేల నుంచి కొలిస్తే టైరు గాలిని బట్టి మారిపోతుంది. చక్రం మధ్య నుంచి పైన మడ్‌గార్డు అంచు వరకు కొలవాలి. నాలుగు మూలలా కొలిచి కాగితం మీద వేశాం. వెనుక ఎడమ వైపు కుడి వైపు కంటె అంగుళంపావు కిందికి ఉంది. రెండు వైపులా పట్టీల వంపు దాదాపు పోయింది. ముందు ఎడమ కింది బాల్ జాయింట్ ఆడుతోంది. షాక్ అబ్జార్బర్లలో రెండు నూనె కారుతున్నాయి. వెనక్కు పోయే బ్రేకు గొట్టం ఒకచోట తుప్పు పొరలు లేచి ఉంది. ఇవి తయారీ లోపాలు కావు. పందొమ్మిదేళ్ళ వయసు, చలికాలంలో రోడ్డు మీద చల్లే ఉప్పు చేసిన పని.

"తాతయ్యా, బండి బాగానే నడుస్తోంది కదా" అన్నాడు వాడు. "నడవడం వేరు, ఆగడం వేరు రా" అన్నాను.

ఇక్కడే ఈ ప్రసంగంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఉంది. పాత బండికి వేయవలసిన మొదటి లిఫ్ట్, దాని అసలు ఎత్తును దానికి తిరిగి ఇవ్వడం. కుంగిన పట్టీల మీద దిమ్మలు పెట్టి లేపితే ఎత్తు కనబడుతుంది కాని కింద ఉన్నది అలసిన ఉక్కే. ఆడుతున్న బాల్ జాయింటుకు ఇంకా బరువైన చక్రం తగిలిస్తే అది ఎక్కడో ఒకచోట చెయ్యి వదిలేస్తుంది. ఆ ఒకచోట హైవే కావచ్చు.

లిఫ్టులో రకాలు

ముందు వైపు టోర్షన్ బారు బండిని లేపడానికి సులువైన దారి, సర్దుబాటు బోల్టు బిగించడమో, దాని కీ మార్చడమో. చవక, త్వరగా అవుతుంది. కాని లేపిన కొద్దీ చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది. గుంత వచ్చినపుడు ఠక్కుమని కొడుతుంది. చక్రాలకు బలం తీసుకెళ్ళే షాఫ్టుల కోణం పెరిగి వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి. అంగుళం, అంగుళంన్నర దాటకపోవడం మంచిదని నా అభిప్రాయం. ఆ కడ్డీలలో ఉండే బిగి ప్రాణాంతకం. దానికి వేరే సాధనం ఉంటుంది. అది లేకుండా సుత్తీ రెంచీతో ఎవరూ ముట్టుకోకూడదు.

నాలుగు, ఆరు అంగుళాలు కావాలంటే బ్రాకెట్ కిట్లు. చక్రాల చేతులనూ, ముందు డిఫరెన్షియల్‌నూ ఫ్రేము నుంచి కిందికి దింపి బిగిస్తారు. కోణాలు బాగానే ఉంటాయి. కాని కొన్ని కిట్లకు బండిలో పుట్టుకతో ఉన్న బ్రాకెట్లను కోయవలసి వస్తుంది. కోసినదాన్ని వెనక్కు తేలేం.

వెనుక వైపు మూడు మార్గాలు: ఇరుసుకూ పట్టీల కట్టకూ మధ్య దిమ్మ పెట్టడం, కట్టలో ఒక పట్టీ అదనంగా చేర్చడం, లేదా కొత్త కట్ట వేయడం. దిమ్మ చవక, కాని ఎత్తయిన దిమ్మతో బ్రేకు కొట్టినపుడు ఇరుసు మెలి తిరగజూస్తుంది. దిమ్మ మీద దిమ్మ ఎన్నడూ పెట్టకూడదు. ముందు ఇరుసుకు దిమ్మలు అసలే వద్దు. యూ బోల్టులు ఒకసారి విప్పితే కొత్తవి వేయాలి, కొంత దూరం తిరిగాక మళ్ళీ బిగించి చూడాలి. చక్రాల నట్లు కూడా 50, 100 మైళ్ళ తరువాత మళ్ళీ చూడాలి.

ఏది చేసినా అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే టైరు ఒక పక్క తినేస్తుంది. ఇక దీపాలు. ముక్కు లేచిన బండి దీపాలు ఎదుటివాడి కళ్ళలో కొడతాయి. వాటిని కిందికి దింపి సరిచేయాలి.

బోల్తా లెక్క

మనసులో అన్నిటికంటె బరువుగా ఉన్నది ఇది. హైదరాబాదులో డబుల్ డెక్కర్ బస్సులు నడిపిన సంస్థ వాళ్ళం మనం. ఎత్తయిన బండిని మలుపులో ఎలా పట్టుకోవాలో మన డ్రైవరు సోదరులకు తెలుసు.

అమెరికాలో రహదారి భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ బోల్తా ప్రమాదాన్ని అంచనా వేయడానికి 2001 మోడళ్ళ నుంచి ఒక లెక్క వాడుతోంది. ఎడమ కుడి చక్రాల మధ్య దూరాన్ని, బరువు కేంద్రం ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. ఎంత ఎక్కువ వస్తే బండి అంత నిలకడ. కార్లు చాలావరకు 1.30 నుంచి 1.50 మధ్య ఉంటాయి. పికప్‌లు, పెద్ద బళ్ళు 1.00 నుంచి 1.30 మధ్య. ఉదాహరణకు చక్రాల మధ్య 65 అంగుళాలు, బరువు కేంద్రం 28 అంగుళాల ఎత్తున ఉందనుకుందాం. 65ను 56తో భాగిస్తే 1.16. ఆ కేంద్రం ఆరంగుళాలు లేచి 34 అయితే 65ను 68తో భాగించాలి, వచ్చేది 0.96. అంటే ఆ తరగతి బళ్ళలో అట్టడుగు కంటె కిందికి వెళ్ళిపోయాడు. జింక అడ్డం వచ్చి స్టీరింగ్ ఒక్కసారి లాగినపుడు తేలే లెక్క ఇది. పైగా జారుతున్న బండిని తనంతట తాను పట్టుకునే ఎలక్ట్రానిక్ ఏర్పాటు అక్కడి కార్లకూ పికప్‌లకూ తప్పనిసరి అయింది 2012 మోడల్ నుంచి. అంతకు ముందు పాత బళ్ళలో చాలావాటికి అది లేదు.

చట్టం

నార్త్ కరోలినాలో తయారీదారు ఇచ్చిన ఎత్తును ఆరంగుళాలకు మించి మార్చాలంటే ముందుగా మోటారు వాహనాల కమిషనరు లిఖితపూర్వక అనుమతి కావాలి. ముక్కు పైకి లేపి తోక కిందికి దించే ఫ్యాషన్ ఒకటి అక్కడ ప్రబలింది. డ్రైవరుకు ముందున్న రోడ్డే కనబడదు. దానిని అరికట్టడానికి, ముందు మడ్‌గార్డు వెనుకదాని కంటె నాలుగంగుళాలు, అంతకు మించి ఎత్తుగా ఉండరాదని 2021 డిసెంబరు 1 నుంచి చట్టం అమలులోకి వచ్చింది. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రూలు. మన పిల్లలు ఏ రాష్ట్రంలో ఉంటే అక్కడిది చూసుకోవాలి, ఇన్సూరెన్సు వారికి మార్పుల సంగతి ముందే తెలియజేయాలి.

ఇక్కడ జీపులు, ఎస్‌యూవీలు ఉన్న పిల్లలు కూడా వింటున్నారు గనుక ఒక మాట. మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అమెరికా వీడియో చూసి ఇక్కడ గ్యారేజీకి వెళ్ళకండి.

చివరకు ఏమైంది?

నేను వాడికి తీర్పు చెప్పలేదు. ఒక కాగితం మీద నాలుగు నిలువు గీతలు గీసి, ఉన్న టైరు, 265, 285, 315 అని పేర్లు పెట్టి, లెక్కలన్నీ వాడి చేతనే వేయించాను. మెట్టు ఎత్తు కూడా వేశాడు. ఆరంగుళాల కిట్, దాని మీద టైరు తెచ్చే రెండు, వెరసి ఎనిమిది అంగుళాలు. మా ఆవిడ వంటింట్లోంచి విని, "ఒరే కన్నా, నన్ను గుడికి తీసుకెళ్ళాలంటే నిచ్చెన కూడా కొనరా" అంది. అందరం నవ్వాం. కాని వాడు ఆ మాట కూడా కాగితం మీద రాసుకున్నాడు.

వారం తరువాత వాడే వచ్చి చెప్పాడు. వెనుక కొత్త కమాన్ కట్టలు, కొత్త యూ బోల్టులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, ముందు బాల్ జాయింట్లు, బ్రేకు గొట్టాలు ముందు. ముందు వైపు అసలు ఎత్తుకు తెచ్చి దాని మీద ఒక అంగుళం. టైర్లు 265/75 ఆర్ 16, ఎల్‌టీ రకం. ఆ సైజును అదే మోడలుకు కంపెనీ వారే కొన్ని బళ్ళకు వేసి అమ్మారు గనుక రాసుకునే బెడద లేదు. బ్రేకు గొట్టాలు, టోర్షన్ బార్లు అక్కడి లైసెన్సు ఉన్న మెకానిక్కుకు అప్పగించాం. మిగతాది వాడు చేశాడు, నేను టార్చి పట్టుకున్నాను. మా అబ్బాయి కూడా రెండో శనివారం నుంచి రెంచీలు అందించడానికి వచ్చాడు. అంతవరకు తండ్రీ కొడుకులు బండి పేరెత్తితే వేరే గదుల్లోకి వెళ్ళేవారు.

పని అయ్యాక మళ్ళీ అవే నాలుగు మూలలా కొలిచాం. వెనుక రెండు వైపులా సమంగా ఉంది. కుంగిపోయినది తిరిగి రావడం వల్ల, కొత్త టైర్ల వల్ల బండి అంతకు ముందు కంటె స్పష్టంగా ఎత్తుగా కనబడింది. చూసినవాళ్ళు "ఎన్ని అంగుళాల లిఫ్ట్?" అని అడిగితే వాడు నవ్వి ఊరుకునేవాడు.

సోదరులారా, మనం రిటైరయ్యాం గాని మన చేతులకు తెలిసినది రిటైరు కాలేదు. భాష రాదని, బండి పేరు కొత్తదని వెనక్కు తగ్గనక్కరలేదు. కమాన్ పట్టీ ఏ దేశంలోనైనా కమాన్ పట్టీయే. మనవలకు "వద్దు" అని చెప్పడం తేలిక, "కానీ" అని ఊరుకోవడం ఇంకా తేలిక. పక్కన కూర్చుని కొలిచి చూపించడం కొంచెం కష్టం. ఆ పని మనకే చేతనవును.

చివరగా పిల్లలకు ఒక్క వరుస గుర్తు పెట్టుకోమని మనవి: ముందు అవసరం, తరువాత బండి ఆరోగ్యం, తరువాత బ్రేకులు, తరువాత టైరు, అన్నిటికంటె చివర ఎత్తు. ఈ వరుసలో వెళ్ళినవాడికి డబ్బు ఆదా, ఇంట్లో వాళ్ళకు నిద్ర.